దాతోంగ్: గోడ అవతలివాళ్లు కట్టిన ఊరు

ఉత్తర చైనాలో, బీజింగ్‌కు పడమరగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, ఇసుకరాతి కొండను తొలిచిన ఒక గుహ గుమ్మంలో నంది మీద శివుడు కూర్చుని ఉన్నాడు. మూడు తలలు, ఎనిమిది చేతులు. ఒక చేతిలో ద్రాక్ష గుత్తి, పైకెత్తిన చేతుల్లో సూర్యచంద్రులు. గుమ్మానికి అవతలి పక్క ఐదు తలలు, ఆరు చేతులతో పక్షినెక్కిన మరో దేవుడు. ఆయన కుమారస్వామి అని ఎక్కువమంది పండితులు, కాదు విష్ణువని కొందరు అంటారు. వీళ్లను చెక్కింది 5వ శతాబ్దంలో. ఇద్దరూ అక్కడ బుద్ధుడి వాకిలికి కాపలాదార్లు. మన శివుడు ద్వారపాలకుడయ్యాడేమిటని నొచ్చుకోనక్కర్లేదు. మహేశ్వరుడిని బౌద్ధం తనలో కలుపుకున్న పద్ధతే అది. ఆ ద్రాక్ష గుత్తి మాత్రం కైలాసానిది కాదు. మధ్య ఆసియా మీదుగా నడిచి వస్తుంటే దారిలో ఎక్కడో చేతికి చేరినట్టుంది.

ఆ కొండ యుంగాంగ్. ఊరు దాతోంగ్, రాష్ట్రం షాన్షీ. జిల్లా మొత్తం కలిపి జనాభా సుమారు 31 లక్షలు. చైనాలో చాలాకాలం దాతోంగ్ అంటే బొగ్గు. ఇప్పుడు బుద్ధుడు, చెక్క గోపురాలు, గోడ అంటున్నారు.

ఈ ఊరి చరిత్రలో ఒక విచిత్రం ఉంది. ఇక్కడ గొప్పగా చూపించే కట్టడాల్లో ఎక్కువభాగం చైనాలో అధిక సంఖ్యాకులైన హాన్ జాతి రాజులు కట్టించినవి కావు. ఉత్తరాన గడ్డి మైదానాల నుంచి గుర్రాల మీద వచ్చిన తుయోబాలు, ఆ తర్వాత ఖితాన్‌లు, ఈశాన్యపు అడవుల నుంచి దిగిన జుర్చెన్‌లు కట్టించినవి. హాన్ జాతి మింగ్ వంశం వంతు వచ్చినప్పుడు ఇక్కడ ప్రధానంగా కట్టింది అలాంటివాళ్లు మళ్లీ రాకుండా ఒక గోడ.

కారణం భూగోళంలోనే ఉంది. పంటలు పండే నేలకూ పశువులు మేసే నేలకూ మధ్య అంచు మీద ఉందీ ఊరు. చైనా మహా కుడ్యం ఈ ప్రాంతంలో లోపలి గోడ, బయటి గోడ అని రెండు పాయలుగా సాగితే, దాతోంగ్ సరిగ్గా ఆ రెంటి మధ్య పడింది. క్రీ.పూ. 200లో హాన్ వంశ స్థాపకుడు లియూ బాంగ్‌ను షియోంగ్ను అనే సంచార జాతి గుర్రపు సేనలు ఏడు రోజులు చుట్టుముట్టి నిలబెట్టిన బైదెంగ్ కొండ ఈ ఊరి పక్కనే. ఆ దెబ్బతో చక్రవర్తి యుద్ధం మాట పక్కనబెట్టి, సంచార రాజులకు పిల్లనిచ్చి, పట్టువస్త్రాలిచ్చి శాంతి కొనుక్కునే దారి పట్టాడు.

ఒక్క శతాబ్దపు రాజధాని

398లో తుయోబా గుయ్ అనే రాజు తన రాజధానిని ఇక్కడికి మార్చాడు. అప్పటి పేరు పింగ్‌చెంగ్. తుయోబాలు షియాన్‌బెయ్ అనే సంచార జాతిలో ఒక తెగ. వాళ్లు స్థాపించినదే ఉత్తర వేయ్ వంశం. రాజధాని 494 వరకు, అంటే దాదాపు వందేళ్లు ఇక్కడే ఉంది. ఆ వందేళ్లలో జరిగింది ఆ తర్వాత వెయ్యేళ్లు ఈ ఊరికి తిండి పెట్టింది.

ఊరు కట్టిన తీరు కర్కశం. రాజు ఎక్కడ గెలిస్తే అక్కడి జనాన్ని మూటగట్టి పింగ్‌చెంగ్‌కు తోలేవాడు. 439లో పశ్చిమాన పట్టు దారి మీదున్న లియాంగ్ రాజ్యం ఓడిపోయినప్పుడు, ఆ దేశపు వేల కుటుంబాలను ఇలాగే తరలించారు. వాళ్లలో భిక్షువులున్నారు, శిల్పులున్నారు. గుహలు తొలిచే విద్య ఎరిగినవాళ్లు. 455 ప్రాంతంలో సింహళం నుంచి ఐదుగురు భిక్షువులు మూడు బుద్ధ విగ్రహాలతో పింగ్‌చెంగ్ చేరారని ఆ వంశపు చరిత్ర గ్రంథమే రాసింది. సమాధుల తవ్వకాల్లో పశ్చిమాసియా గాజు పాత్రలు, వెండి గిన్నెలు బయటపడ్డాయి. కొన్ని గుహల స్తంభాల మీద గ్రీకుల తరహా చుట్టలు కనిపిస్తాయి. గడ్డి మైదానపు రాజు కొలువులో ఇన్ని దేశాల పనితనం కలవడం ఆశ్చర్యమేమీ కాదు. ఆ రాజుకు 'మనది, పరాయిది' అనే పట్టింపు పెద్దగా లేదు. ఏ పని బాగుంటే ఆ పనివాడిని పట్టుకొచ్చాడు.

బౌద్ధానికి మాత్రం ఇక్కడ కాలం ఎప్పుడూ సాఫీగా సాగలేదు. 446లో తైవూ చక్రవర్తి ఆలయాలు కూల్చమని, విగ్రహాలు పగలగొట్టమని ఆజ్ఞ వేశాడు. 452లో ఆయన చనిపోయాక మనవడు వెన్‌చెంగ్ గద్దెనెక్కి నిషేధం తీసేశాడు. అప్పుడు తెర మీదికి వచ్చినవాడు తాన్ యావ్. వీధిలో వెళ్తున్న చక్రవర్తికి ఈ భిక్షువు ఎదురుపడితే, రాజు గుర్రం ముందుకొచ్చి ఆయన అంగీ అంచు పళ్లతో పట్టుకుందట. గుర్రానికి మంచివాళ్లను గుర్తించే తెలివి ఉంటుందని జనం అనుకున్నారట. ఆ రాజుకు గుర్రం చెప్పిన సాక్ష్యం మీద నమ్మకం ఉండటం సహజమే.

460లో తాన్ యావ్ ఆధ్వర్యంలో వూఝౌ కొండలో, అంటే ఇప్పటి యుంగాంగ్‌లో, ఐదు గుహలు మొదలయ్యాయి. ఇవాళ వాటి నంబర్లు 16 నుంచి 20. ఒక్కో గుహలో ఒక్కో మహా బుద్ధుడు. చక్రవర్తి అంటే సజీవ తథాగతుడే అన్న సిద్ధాంతం ఈ వంశంలో మొదటి నుంచీ ఉంది. అందుకే ఆ ఐదు విగ్రహాలూ ఐదుగురు వేయ్ చక్రవర్తులకు ప్రతిరూపాలని చరిత్రకారులు చదువుతారు. భక్తీ రాజకీయమూ ఒకే రాతిలో అన్నమాట. పద్నాలుగేళ్ల కింద విగ్రహాలు పగలగొట్టడం కళ్లారా చూసిన తరం, ఈసారి పగలగొట్టడం కష్టమైనచోట, కొండనే విగ్రహంగా చెక్కుకుందని కూడా అనుకోవచ్చు.

ఇంత పనికి డబ్బు ఎక్కడిది? తాన్ యావ్ దీనికీ ఒక ఏర్పాటు చేశాడు. కొన్ని కుటుంబాలను 'సంఘ కుటుంబాలు'గా రాయించి, ఏటా నిర్ణీత ధాన్యం భిక్షు సంఘానికి ఇవ్వాలన్నాడు. కరువొస్తే ఆ ధాన్యం పంచాలి. నేరస్తులను, బానిసలను 'బుద్ధ కుటుంబాలు'గా మార్చి ఆలయాల చాకిరీకి పెట్టాడు. యుంగాంగ్ బుద్ధుడి చిరునవ్వు గురించి రాసేవాళ్లు ఈ సంగతి సాధారణంగా వదిలేస్తారు.

యునెస్కో 2001లో యుంగాంగ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇచ్చిన లెక్క 252 గుహలు, గూళ్లు, 51,000 విగ్రహాలు. కొండ వెంట ఒక కిలోమీటరు పొడవునా పరుచుకున్నాయి. అందరూ ఫోటో దిగేది 20వ గుహ బుద్ధుడి ముందు. ఎత్తు 13.7 మీటర్లు. ముందు గోడ ఎప్పుడో కూలిపోవడంతో ఆయన ఆరుబయట కూర్చున్నట్టు కనిపిస్తాడు. శిల్పి అనుకున్నది ఇది కాదు. చీకటి గుహలో, మెడ ఎత్తితే తప్ప మొహం కనిపించని బుద్ధుడిని చెక్కాడతను. కూలిన గోడ పుణ్యమా అని ఈ విగ్రహం పోస్టర్లకెక్కింది. అన్నిటికన్నా ఎత్తయినది 5వ గుహలో ఉంది, 17 మీటర్లు.

నిజంగా ఆగి చూడాల్సింది మాత్రం 6వ గుహ. నేల నుంచి కప్పు దాకా నిలిచిన చతురస్రపు స్తంభం, దాని నిండా విగ్రహాలు, చుట్టూ గోడల మీద బుద్ధుడి జీవిత కథ. స్తంభం చుట్టూ ప్రదక్షిణ చేస్తూ కథ చూడాలి. గుంటుపల్లి చైత్యం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మన చైత్యంలో మధ్యన గుండ్రటి స్తూపం ఉంటే, ఇక్కడికి చేరేసరికి అది నలుపలకల గోపురమైంది. తిరగడం మాత్రం అలాగే మిగిలింది.

ఇంకొక మార్పు బట్టల్లో తెలుస్తుంది. తొలి గుహల్లో బుద్ధుడి చీవరం భారత, మధ్య ఆసియా పద్ధతిలో ఒక భుజం కనిపించేలా ఒంటికి అతుక్కుని ఉంటుంది. చివరి గుహల్లో అది చైనా అధికారి తొడుక్కునే వెడల్పు అంగీ అయిపోతుంది. ఆ మధ్యకాలంలో రాణి ఫెంగ్, ఆమె పెంచిన చక్రవర్తి షియావ్‌వెన్ కలిసి రాజ్యాన్ని చైనా మూసలో పోయడం మొదలుపెట్టారు. 494లో ఆయన రాజధానిని దక్షిణాన లోయాంగ్‌కు మార్చాడు. షియాన్‌బెయ్ దుస్తులు వద్దన్నాడు, కొలువులో షియాన్‌బెయ్ భాష వద్దన్నాడు, చివరికి 496లో తుయోబా అన్న ఇంటిపేరే తీసేసి యువాన్ అని పెట్టుకున్నాడు. సరిహద్దు దండుల్లో మిగిలిపోయిన సొంత జాతి సైనికులకు ఇది మింగుడుపడలేదు. ముప్ఫై ఏళ్లు తిరక్కముందే వాళ్లు తిరగబడ్డారు. ఆ గొడవల్లో పింగ్‌చెంగ్ పాడుపడిపోయింది.

తూర్పు చూసే గుళ్లు

ఆ తర్వాత ఐదు వందల ఏళ్ల కథను వేగంగా దాటేయవచ్చు. 1044లో ఖితాన్‌ల లియావ్ రాజ్యం దాతోంగ్‌ను తన పశ్చిమ రాజధానిగా చేసుకుంది. ఊళ్లోని హ్వాయెన్ ఆలయం వాళ్లదే. చైనాలో గుళ్లు మామూలుగా దక్షిణానికి తిరిగి ఉంటాయి. ఇది తూర్పుకు తిరిగి ఉంటుంది, ఎందుకంటే ఖితాన్‌లు సూర్యుణ్ణి కొలిచేవాళ్లు. మన గుళ్లు చూసి పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు కానీ, అక్కడ అది చెప్పుకోదగ్గ విషయం.

ఇక్కడ 1038లో కట్టిన గ్రంథాలయ మందిరం ఒకటి ఉంది. గోడల పొడవునా చెక్క బీరువాలు, వాటి మీద చెక్కతోనే చేసిన బుల్లి దేవలోకపు మేడలు, మధ్యన వంతెన. బొమ్మరిల్లంత కొలతలో లియావ్ కాలపు వాస్తు మొత్తం అందులో ఉంది. అసలు మేడలు ఎప్పుడో కాలిపోయాయి కాబట్టి చరిత్రకారులకు ఈ బొమ్మ మేడలే సాక్ష్యం. అదే మందిరంలో చేతులు జోడించి, పెదవులు విడి పళ్లు కొద్దిగా కనిపించేలా నవ్వే మట్టి బోధిసత్వ విగ్రహం ఉంది. బౌద్ధ శిల్పంలో పళ్లు కనబడే నవ్వు చాలా అరుదు.

1122లో జుర్చెన్‌లు ఊరిని గెలిచినప్పుడు ఆలయంలో చాలాభాగం కాలిపోయింది. వాళ్లే 1140లో పెద్ద మందిరం మళ్లీ కట్టారు. దగ్గర్లోని షాన్‌హ్వా ఆలయానిదీ ఇదే కథ. గెలిచినవాడే కాల్చాడు, గెలిచినవాడే కట్టాడు.

మింగ్ వంశం వచ్చాక ఊరు కోటగా మారింది. 1372లో సేనాపతి షూ దా చుట్టూ సుమారు 7 కిలోమీటర్ల గోడ లేపాడు. లోపల దిమ్మిస కొట్టిన మట్టి, బయట ఇటుక. మింగ్ స్థాపకుడి 13వ కొడుకు ఝూ గుయ్ ఇక్కడ రాజప్రతినిధి. అతని కోట వాకిలికి ఎదురుగా కట్టిన తొమ్మిది డ్రాగన్ల గోడ 45.5 మీటర్ల పొడవున, మెరిసే రంగు పెంకులతో ఇప్పటికీ నిలిచి ఉంది. బీజింగ్‌లోని అలాంటి గోడల కన్నా ఇది పాతది, పెద్దది. వాకిలికి ఎదురుగోడ మిగిలింది గానీ అసలు కోట 1644 అల్లర్లలో కాలిపోయింది. కొద్దికాలానికే, 1649లో, మింగ్ తర్వాత వచ్చిన చింగ్ వంశపు సేనలు తిరుగుబాటును అణిచేటప్పుడు ఊళ్లో పెద్ద ఊచకోత జరిగింది. ఆ తర్వాత దాతోంగ్ చాలాకాలం పేద ఊరు.

పేదరికం పాత కట్టడాలను కాపాడుతుంది. కొత్తది కట్టే స్తోమత ఉంటే కదా పాతది కూల్చేది. 1933లో వాస్తు చరిత్రకారులు లియాంగ్ సిచెంగ్, లిన్ హ్వీయిన్ దంపతులు మిత్రులతో వచ్చినప్పుడు దాతోంగ్‌లో ఖితాన్, జుర్చెన్ కాలపు మందిరాలు అలాగే ఉన్నాయి, కొలతలు తీసుకునేవాడి కోసం ఎదురుచూస్తున్నట్టు. యుంగాంగ్‌లో వాళ్లకు బస దొరికింది తలుపులూ కిటికీలూ లేని ఒక రైతు ఇంట్లో. అప్పటికే విదేశీ మార్కెట్ కోసం దొంగలు చాలా విగ్రహాల తలలు కోసుకుపోయారు.

బొగ్గు, దుమ్ము, కొత్త గోడ

ఊరి దశ మార్చింది బొగ్గు. 1937 నుంచి 1945 దాకా గనులు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి. చాకిరీకి తాళలేక పడిపోయిన కూలీలను గుంటల్లో పారేసిన చోటు ఇప్పుడు స్మారక స్థలం. 1949 తర్వాత దాతోంగ్ దేశానికి పొయ్యి అయింది. ఇక్కడి ఫ్యాక్టరీ 1988 దాకా మెయిన్ లైన్ ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. ప్రపంచం వాటిని మ్యూజియంలో పెట్టేశాక కూడా బొగ్గు చవకైన ఈ ఊళ్లో ఆ లెక్క గిట్టుబాటైంది. ఇక్కడి నుంచి చిన్‌హ్వాంగ్‌దావ్ రేవుకు 653 కిలోమీటర్ల రైలు మార్గం కేవలం బొగ్గు కోసమే వేశారు. ఒక్కో రైలు 20,000 టన్నులు మోస్తుంది.

యుంగాంగ్ పక్కనే గనులు. గుహల ముందు నుంచే హైవే. రాత్రింబవళ్లు లారీలు, నల్ల దుమ్ము. 1,500 ఏళ్ల బుద్ధుల భుజాల మీద, ఒడిలో బొగ్గు పొడి పేరుకుపోయేది. ఆ దుమ్ముకు గాలిలోని గంధకం, తేమ తోడైతే ఇసుకరాయి పొరలుగా రాలుతుంది. 1998లో కోట్లు పెట్టి రోడ్డును దూరంగా మళ్లించారు. గుహలకు ఇది నిజంగా పనికొచ్చిన సాయం. ఫోటోల్లో మాత్రం అది కనిపించదు.

ఫోటోల్లో కనిపించేది వేరే. 2008లో గెంగ్ యెన్‌బో మేయర్‌గా వచ్చాడు. బొగ్గు ఎప్పుడో అయిపోతుంది, టూరిజమే దిక్కు అన్నది అతని లెక్క. లెక్క తప్పు కాదు. పద్ధతి దగ్గరే పేచీ. పాత ఊళ్లో ఇళ్లు వీధులకు వీధులుగా కూల్చి, వేల కుటుంబాలను బయటి కాలనీలకు పంపి, మింగ్ గోడ మిగిలిన మట్టి దిమ్మెకు కొత్త ఇటుక తొడిగి, బురుజులు లేపాడు. జనం అతనికి పెట్టిన పేరు 'గెంగ్ చాయ్‌చాయ్'. కూల్చు కూల్చు గెంగ్ అని. ఇళ్లు పోయినవాళ్లు తిట్టారు. 2013లో అతన్ని రాష్ట్ర రాజధాని తైయువాన్‌కు బదిలీ చేసినప్పుడు మాత్రం, ఉండనివ్వండని వీధిలోకొచ్చి వేడుకున్నవాళ్లూ ఉన్నారు. సగం కూలిన ఊరిని ఎవరు పూర్తిచేస్తారన్న టెన్షన్ అందులో కొంత. నిజమైన అభిమానం కొంత. 2016కు గోడ నాలుగు వైపులా కలిసింది.

ఆ గోడ చూడ్డానికి బాగుంది, కాదనలేం. సాయంత్రం దీపాలు వెలిగాక ఇంకా బాగుంటుంది. కానీ 1982లో చైనా మొదటిసారి 24 చారిత్రక నగరాల జాబితా వేసినప్పుడు దాతోంగ్ అందులో ఉన్నది ఈ కొత్త ఇటుక చూసి కాదు. మధ్య వాకిలి చుట్టూ ఇళ్లు, ఇరుకు సందులు, వాటిలో మనుషులు ఉన్నప్పటి మాట అది. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ, వారసత్వ శాఖ కలిసి ఐదు నగరాలను పేరు పెట్టి మందలించాయి. అసలుది కూల్చి నకిలీది కట్టారన్న ఆ జాబితాలో దాతోంగ్ ఉంది.

అయినా జనం వస్తున్నారు. 2019 చివర్లో బీజింగ్ నుంచి హైస్పీడ్ రైలు వచ్చింది, ప్రయాణం రెండు గంటలు. 2024 ఆగస్టులో 'బ్లాక్ మిత్: వూకోంగ్' అనే వీడియో గేమ్ విడుదలైంది. అందులో వాడిన 36 నిజ స్థలాల్లో 27 షాన్షీ రాష్ట్రానివి. యుంగాంగ్, హ్వాయెన్, షాన్‌హ్వా, వేలాడే గుడి అన్నీ ఉన్నాయి. వూకోంగ్ అంటే కథలో భిక్షువు హ్యూయాన్‌త్సాంగ్ వెంట భారతదేశానికి బయల్దేరిన కోతి వీరుడు. అసలు హ్యూయాన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం, ధాన్యకటకం దాకా నడిచి వచ్చి ఇక్కడి విహారాల గురించి రాసుకున్నవాడే. ఇప్పుడు ఆయన కల్పిత శిష్యుడు దాతోంగ్‌లో హోటళ్లు నింపుతున్నాడు.

వచ్చినవాళ్లు మొదట తినేది కత్తి నూడుల్స్. ముద్దను చేతి మీద పెట్టుకుని వంపు తిరిగిన రేకుతో చెక్కుతుంటే, ఆకుల్లాంటి ముక్కలు ఎగిరి మరిగే నీళ్లలో పడతాయి. అంచు పలచగా, నడుమ మందంగా ఉండటంతో ఒక్క ముక్కలోనే మెత్తదనం, గట్టిదనం రెండూ దొరుకుతాయి. పంది కీమా పులుసు, ఉడికిన గుడ్డు, పైన షాన్షీ వెనిగర్. వెనిగర్ ఇక్కడివాళ్లకు మనకు చింతపండు లాంటిది. ఊరి బయట అగ్నిపర్వతపు మట్టిలో పండే పసుపుపచ్చ లిల్లీ మొగ్గలు మరో పేరున్న సరుకు. పువ్వు విచ్చితే ధర పోతుంది కాబట్టి తెల్లవారకముందే కోస్తారు.

ఊరికి ఆగ్నేయంగా 60 కిలోమీటర్ల దూరాన, హెంగ్‌షాన్ పర్వతం దగ్గర వేలాడే గుడి ఉంది. 491లో మొదలైందంటారు. కొండ గోడకు అతుక్కున్న ఈ గుడిని కింది నుంచి సన్నటి కర్రలు మోస్తున్నట్టు కనిపిస్తుంది. అసలు బరువంతా రాతిలోకి అడ్డంగా దిగ్గొట్టిన దూలాల మీద ఉంటుంది. పైనున్న రాతి చూరు వాన పడనివ్వదు. ఒక గదిలో బుద్ధుడు, తావో మత గురువు లావోజీ, కన్ఫ్యూషియస్ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఎక్కడానికి వేరే టికెట్టు, పొడవాటి క్యూ. కింద నుంచి చూసి తిరిగొచ్చినా పెద్దగా పోయేదేమీ లేదు.

ఇంకాస్త పడమరగా, పక్క జిల్లా షువోఝౌలోకి వెళ్తే యింగ్‌షియన్ చెక్క గోపురం. 1056లో ఖితాన్‌లు కట్టింది. ఎత్తు 67.31 మీటర్లు, మొత్తం చెక్క. స్తంభానికీ చూరుకూ మధ్య ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చిన చెక్క ముక్కలే దీన్ని నిలబెట్టాయి. ఈ కూర్పుల్లోనే 54 రకాలున్నాయి. ఇది ఇంకా నిలిచే ఉందో లేదో తెలియక లియాంగ్ సిచెంగ్ 'యింగ్‌షియన్‌లో అన్నిటికన్నా పెద్ద ఫోటో స్టూడియోకి' అని చిరునామా రాసి, గోపురం ఫోటో పంపమని ఉత్తరం వేశాడు. ఫోటో వచ్చింది. డబ్బుకు బదులు స్టూడియో యజమాని అడిగింది బీజింగ్ ఉత్తరాల కాగితం.

1926లో సేనాధిపతుల కొట్లాటలో, 1948లో అంతర్యుద్ధంలో ఈ గోపురానికి ఫిరంగి గుళ్లు తగిలాయి. నిలబడింది. దెబ్బ వేరేచోట తగిలింది. లియాంగ్ కొలతలు తీసుకుని వెళ్లిన రెండు మూడేళ్లకు, ఊరి పెద్దలు చందాలు వేసుకుని గోపురాన్ని అందంగా చేద్దామనుకున్నారు. పై అంతస్తుల్లో స్తంభాల మధ్య మట్టి గోడలు, వాటిలో దాగిన ఏటవాలు ఆసరా కర్రలు తీసేసి, గాలీ వెలుతురూ వచ్చే జాలీ తలుపులు పెట్టించారు. ఆ తర్వాత రెండో అంతస్తు స్తంభాలు పక్కకు ఒరగడం మొదలైంది. విప్పి మళ్లీ కట్టాలా, పైభాగాన్ని ఎత్తిపట్టి కింద బాగుచేయాలా, లోపల ఉక్కు ఆసరా పెట్టాలా అని నిపుణులు కొన్ని దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఈలోగా కొలతలు తీస్తూ, అక్కడక్కడా ఆసరాలు పెడుతూ నెట్టుకొస్తున్నారు. సందర్శకులను పై అంతస్తులకు పంపడం మానేశారు. కింది అంతస్తులో 11 మీటర్ల మట్టి బుద్ధుడిని మాత్రం చూడవచ్చు.